మనవాళ్ళెవరైనా చెప్పి పాడుకోవచ్చు

ఒక పెద్ద అడవిలో చెట్లెన్నో గుట్టలెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, సభ మాత్రం ఒకటే ఉండేది. ఆ అడవికి అది చాలు. రెండో సభ కూడా ఉండి ఉంటే అడవి మిగిలేది కాదు.

సభకి అధ్యక్షుడు అడవిదున్న. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఒకరోజు వచ్చి సభ మధ్యలో నిలబడ్డాడు. పక్కకి జరగమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అలా అధ్యక్షుడయ్యాడు. మనసు మంచిదే. ఎవరేం చెప్పినా "నిజమే" అనేవాడు. ఇద్దరు ఎదురెదురు మాటలు చెబితే ఇద్దరికీ "నిజమే" అనేవాడు.

కార్యదర్శి కొండముచ్చు. ఆయన్ని పిలిచేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. 'కొండముచ్చుగారూ' అని పూర్తిగా పిలవాలి. తొందరలో 'ముచ్చుగారూ' అన్నవాళ్ళ పని ఏడాది తిరిగినా అయ్యేది కాదు. ముచ్చు అంటే దొంగ అని అర్థం ఉంది గనక ఆయనకంత పట్టింపు అని కొందరనేవారు. అర్థం ఉందని కాదు, నిజం ఉందని అని ఇంకొందరనేవారు.

సభకి ప్లీడరు ముళ్ళపంది. రాయడానికి కలం వెతుక్కోనక్కర్లేదు, వీపు మీంచి ఒక ముల్లు పీక్కుంటే చాలు. అందుకే ఆయన న్యాయశాస్త్రంలోకి వచ్చాడు. వేరే కారణమేమీ లేదు.

కానీ ఈ కథ వాళ్ళది కాదు, పైడమ్మది.

పైడమ్మ తీతువు పిట్ట. తీతువులు గూడు కట్టవు. నీళ్ళ ఒడ్డున గులకరాళ్ళ మధ్య నేలమీదే గుడ్లు పెట్టి, దగ్గరికి ఎవరొచ్చినా ఆకాశం అదిరేలా అరుస్తాయి. ఆ అరుపు వినగానే అడవి అంతా "తీతువు కూసింది, ఎవరికో మూడింది" అనేది. పులి వస్తోందని చెప్పడానికే అది కూసిందనీ, మూడితే పులివల్ల మూడుతుంది గానీ పిట్టవల్ల కాదనీ ఒక్కరికీ తట్టేది కాదు. కబురు తెచ్చినవాణ్ణి తిట్టడం తేలిక. పులిని తిట్టి చూడండి, తెలుస్తుంది.

కిందటి వేసవిలో కొండకి నిప్పంటుకుంది. పైడమ్మ గొంతు చించుకుని అరిచింది. "మొదలెట్టింది దరిద్రపు పిట్ట" అని అందరూ పక్కకి తిరిగి పడుకున్నారు. తీరా పొగ ముక్కుకి తగిలాక ఎటు పోవాలో తెలీక గాలి ఎటు తోస్తే అటు పరిగెత్తారు. గాలి తోసిన వైపే నిప్పూ వస్తుంది. ఆ పరుగుల్లో ఎవరి కాళ్ళ కింద పడ్డాయో గానీ పైడమ్మ గుడ్లు నలిగిపోయాయి.

పైడమ్మ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకటి గ్రహించింది. కూత కూస్తే తిడతారు. అదే పాట పాడితే వింటారు. వినడమే కాదు, వద్దన్నా నోటికి పట్టించుకుని పాడతారు. అలా అనుకుని గులకరాళ్ళ మధ్య కూర్చుని ఒక పాట కట్టింది.

*తూరుపు గాలా, గెడ్డకు పో*
*పడమటి గాలా, బండకు పో*
*పొగ కనిపిస్తే మాటలు ఆపి*
*పిల్లని పట్టుకు పరుగున పో*

గెడ్డ అంటే అక్కడ కొండవాగు. ఎంత ఎండలోనూ మోకాటిలోతు నీళ్ళుంటాయి. బండ అంటే గడ్డిపోచ కూడా మొలవని పెద్ద రాతిచట్టు. గాలిని బట్టి ఆ రెంటిలో ఏదో ఒకటి బతికిస్తుంది. తప్పు వైపు పోతే నిప్పు మనకంటే ముందే వెళ్ళి కూర్చుంటుంది. పాటలో అంతకు మించి ఏమీ లేదు. అలంకారాల్లేవు. ప్రాణాలున్నాయి.

ఈ పాట పైడమ్మకి ముఖ్యంగా ఎక్కడికి చేరాలంటే, అవతలి కొండకి. ఆమె కూతురు బంగారి ఈ ఏడు అక్కడ గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకుంది. తల్లి కూత అంత దూరం వినపడదు. వెళ్ళి చెబుదామంటే పైడమ్మ కింద కూడా కొత్తగా పెట్టిన గుడ్లున్నాయి. కాసేపు వదిలితే ఎండకి ఉడికిపోతాయి, లేదా కాకి పాలవుతాయి. కాబట్టి పాటే వెళ్ళాలి. ఒక పిట్ట నోటినుంచి ఇంకో పిట్ట నోటికి, గట్టు మీది ఎండుటేకు చెట్టు దాటుకుని అవతలికి పోవాలి.

అందుకొక అడ్డం ఉంది. ఒకరు కట్టిన పాట ఇంకొకరు అనుమతి లేకుండా పాడితే ఆ అడవిలో తోకలో ఈక పీకేవారు. కట్టినవాళ్ళు నోరు విప్పి "పాడుకోండి" అనేదాకా పాట ఎంత బావున్నా నోళ్ళు కట్టుకుని కూర్చోవలసిందే.

దానికీ ఒక పద్ధతి లేకపోలేదు. అడవుల మధ్య ఉప్పునేల ఒకటి ఉంది. మట్టిలో ఉప్పు నాకడానికి చుట్టుపక్కల అన్ని అడవుల జంతువులూ అక్కడికి వస్తాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఎప్పుడో తాతలనాడు అక్కడే కూర్చుని అందరూ కొన్ని గీతలు నిర్ణయించుకున్నారు. పాట కట్టినవాళ్ళు రాయిమీద ఒక గీత గీస్తే, ఎవరైనా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కట్టినవారి పేరు చెబితే చాలు. రెండు గీతలైతే, ఎవరైనా పాడుకోవచ్చు, పేరు చెప్పాలి, కానీ మార్చకూడదు. మూడు గీతలైతే పాడుకోవచ్చు గానీ అమ్ముకోకూడదు. పులి దగ్గర్నుంచి పిచ్చుక దాకా ఆ గీతలు తెలియనివాళ్ళు లేరు. ఒక్కో గీత వెనక ఎన్ని కొట్లాటలు జరిగాయో చెప్పలేం. పులీ జింకా పక్కపక్కన నిలబడి తేల్చిన సంగతి గనక, అందులో 'మన' అనే మాట మాత్రం ఎక్కడా పడలేదు.

పైడమ్మ కాస్త ఎండ తగ్గాక ముక్కుతో పలుగురాయి పట్టుకుని రెండు గీతలు గీద్దామని పక్కనున్న రాయి దగ్గరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే చెట్టుమీంచి కొండముచ్చు దిగాడు.

"ఏం చేస్తున్నావు పైడమ్మా?"

"గీతలు గీత్తన్నాను బాబూ. పాట కట్టినాను. అందరూ పాడుకోవాల."

"పాట విన్నాను. మా ఆవిడ కూడా విన్నది. చాలా బావుందన్నది." కొండముచ్చు తోక సర్దుకుని కూర్చున్నాడు. "నేను అడిగేదేమిటంటే, అలాంటి పాటకి గీతలా?"

"ఏటి బాబూ, గీతలకేటైంది?"

"గీతలకేం కాలేదు. కాకి కట్టిన పాటకీ రెండు గీతలే, కప్ప కట్టిన పాటకీ రెండు గీతలే. నీ పాటకీ అవేనా? నీ స్థాయికి తగిన ప్రకటన ఒకటి ఉండొద్దూ? ఎవరో ఎక్కడో గీసిన గీత మనం పట్టుకుని వేలాడ్డమేమిటి? మనకి సభ లేదా? మన ప్లీడరుకి ముళ్ళు లేవా?"

పైడమ్మ బతుకులో ఎవరూ ఆమె గొంతు బావుందనలేదు. 'స్థాయి' అనే మాట ఆమె చెవిన పడటం అదే మొదలు. ముక్కున ఉన్న పలుగురాయి జారి కిందపడింది. దాన్ని మళ్ళీ తియ్యలేదు.

మర్నాడు ఎండ దిగాక సభ కూడింది. ప్లీడరు ముళ్ళపంది వీపు మీంచి మంచి ముల్లు ఏరి పీకి, నల్లమద్ది చెట్టు దగ్గర నిలబడ్డాడు.

"ప్రకటన క్లుప్తంగా ఉండాలి" అన్నాడు. "పొడుగు ప్రకటనలు ఎవరూ చదవరు. ఒక్క వాక్యంలో తేల్చేస్తాను. 'ఎవరైనా పాడుకోవచ్చు.' ఎలా ఉంది?"

"నిజమే" అన్నాడు దున్న. తర్వాత కాస్త ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే చెవులు కదిలేవి. "ఎవరైనా అంటే, రేసుకుక్కలు కూడానా?"

సభలో కలకలం రేగింది. రేసుకుక్కలు గుంపుగా వచ్చి ఎవర్ని పడితే వాళ్ళని చీల్చుకు తినే జాతి. వాటికి కూడా పాటా?

"అయితే 'మనవాళ్ళెవరైనా' అందాం" అన్నాడు కొండముచ్చు.

అంతా ఒక్కసారిగా మెత్తబడిపోయారు. ఎంత వెచ్చటి మాట! కొందరికి కళ్ళు చెమర్చాయి. ప్రతి ఒక్కరూ తమ గుండెమీద చెయ్యి వేసుకున్నారు. పక్కవాడి గుండె వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

"మనోలంటే ఎవులు బాబూ?" అని అడిగింది పైడమ్మ.

"మనవాళ్ళంటే మనవాళ్ళే. అది కూడా విడమరిచి చెప్పాలా? ఇంట్లో అన్నం పెడుతూ 'మన' అంటే ఏమిటని అడుగుతామా?"

"నిజమే" అన్నాడు దున్న.

"మరి నా పేరు? గీతల్లో అయితే పేరు సెప్పాలని ఉంటాది."

"నీ పేరు లేకుండానా!" అన్నాడు ప్లీడరు. "'మనవాళ్ళెవరైనా పైడమ్మ పేరు చెప్పి పాడుకోవచ్చు' అని రాద్దాం. కాకపోతే చెట్టు కైవారం చాలదు. 'పైడమ్మ పేరు' అనేది తీసేస్తే సరిపోతుంది. ఎవరి పేరో అందరికీ తెలిసిందే గదా. 'చెప్పి' అంటే చాలు."

అలా నల్లమద్ది చుట్టూ ఒక్క వాక్యం చెక్కారు. *మనవాళ్ళెవరైనా చెప్పి పాడుకోవచ్చు.* అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. చప్పట్లు కొట్టారు. మార్చకూడదన్న మాట పడలేదని పైడమ్మకి ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. అంత పెద్దలు అంత ముచ్చటపడి రాశాక అడిగితే బావుండదని ఊరుకుంది.

గట్టుమీది ఎండుటేకు చెట్టుమీద గోరువంక ఒకతె ఉండేది. పాట అవతలికి పోవాలంటే ఆమె నోటిమీంచే పోవాలి. గొంతు తేనె. ఒకసారి వింటే చాలు, పాట వచ్చేసేది. కానీ బహు భయస్తురాలు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తోకలో ఈక పీకించుకుని ఇంటికి రావడం చూసింది పాపం. అందుకని పాడే ముందు వచ్చి ప్రకటన చదువుకుంది. చదివి నేరుగా కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, చెప్పి పాడుకోవచ్చు అని ఉందండి. ఎవరికి చెప్పాలండి?"

కొండముచ్చుకి ఆ ప్రశ్న అప్పటిదాకా తట్టలేదు. తట్టగానే ముఖం వికసించింది.

"నాకు చెప్పు" అన్నాడు.

అప్పట్నుంచి పాడదలచుకున్నవాళ్ళంతా కొండముచ్చుకి చెప్పడానికి వెళ్ళడం మొదలైంది. పెద్దాయన దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్తే బావుండదు గదా. ఒకరు తునికిపళ్ళు తీసుకెళ్ళారు. ఇంకొకరు సీతాఫలం తీసుకెళ్ళారు. అది చూసి మూడోవాడు పనసకాయ దొర్లించుకెళ్ళాడు. ఆయన పొద్దున్న నిద్రపోతాడు, మధ్యాహ్నం తింటాడు, సాయంత్రం పేలు చూపించుకుంటాడు. ఆ మధ్య ఎప్పుడైనా ఖాళీ దొరికితే వింటాడు. విని "చూద్దాం" అంటాడు.

అడవిలో పాట ఎవరూ పాడటం లేదు. అందరూ చెప్పడానికి వరసలో నిలబడి ఉన్నారు.

పైడమ్మకి ఒళ్ళు మండి కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది.

"ఏటి బాబూ ఇది? సెప్పడమంటే నా పేరు సెప్పడం. మీకు సెప్పడం కాదు. ఎండలు ముదిరిపోతన్నాయి. నా గుంట బంగారి అవతల కొండమీద పిల్లలతో ఉంది."

"కంగారుపడకు పైడమ్మా. ఒక వ్యవస్థ ఏర్పడుతోంది. మధ్యలో వేలు పెట్టకు. ఇంకో మాట, ఏమనుకోకు. మొన్న గులకరాళ్ళ దగ్గర నువ్వే పాడుతున్నావట?"

"నా పాట నాను పాడుకోకూడదేటి?"

"కూడదని ఎవరన్నారు? చెప్పి పాడు. నలుగురికీ ఆదర్శంగా ఉంటుంది."

పైడమ్మ తిరిగొచ్చి గుడ్లమీద కూర్చుంది. అక్కడే ఎదురుగా ఇసకలో ఆమె జారవిడిచిన పలుగురాయి మెరుస్తోంది. దాన్ని చూస్తే సిగ్గేసింది. పోయి తీసి రెండు గీతలు గీసేద్దామా అనుకుంది. అందరి ముందూ చప్పట్లు కొట్టించుకున్నాక ఇప్పుడు గీతలు గీస్తే ఏమనుకుంటారో అనుకుంది. ఏమీ చెయ్యలేదు.

ఈలోగా నక్క వచ్చాడు. అడవిలో ఎక్కడ ఏ సందు ఉన్నా నక్కకే ముందు కనపడుతుంది. ప్రకటన చదివాడు. 'మనవాళ్ళు' దగ్గర ఆగి, నేను కాక ఇంకెవరు అనుకున్నాడు. 'చెప్పి' దగ్గర ఆగాడు. పనసకాయ తీసుకెళ్ళడం నక్క జాతకంలో లేదు. తెచ్చుకోవడమే ఉంది.

"ఉన్నదున్నట్టు పాడితే కదా చెప్పాలి" అన్నాడు ప్లీడరుతో. "మార్చుకుంటే అది నా పాట. మార్చకూడదని మీ వాక్యంలో ఉందా?"

ముళ్ళపంది వాక్యం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "లేదు" అన్నాడు.

నక్క ఎక్కువ కష్టపడలేదు. గెడ్డ ఉన్నచోట బండ పెట్టాడు, బండ ఉన్నచోట గెడ్డ పెట్టాడు. *తూరుపు గాలా, బండకు పో.* ప్రాస చెడలేదు, దరువు చెడలేదు. నక్కకి పాటలో అవసరమైంది అంతవరకే. దాన్ని అవతలి కొండకి తీసుకెళ్ళి, పాఠానికి ఒక పీత చొప్పున పిల్లలకి నేర్పాడు. అక్కడివాళ్ళు అసలు పాట ఎప్పుడూ వినలేదు. ఎంత మంచి పాటో అని మురిసిపోయారు. పిల్లలు రోజంతా అదే పాట.

నక్క అక్కడికి వెళ్ళకముందు ఒకరోజు గోరువంక అవతలి కొండకి వెళ్ళొచ్చి పైడమ్మ దగ్గర వాలింది.

"పిన్నీ, బంగారి నిన్ను అడిగానని చెప్పమంది. నలుగురు పిల్లలూ గునగునా తిరుగుతున్నారు. అక్కడ పక్షులు మాత్రం ఒక సంగతి అడుగుతున్నాయి. వాళ్ళు మనవాళ్ళా కాదా అని."

"కాకేటి? నా మనవలున్నారక్కడ!"

"నేనూ అదే అన్నాను. 'మీరు రాసుకున్న మనలో మేమెలా వస్తాం? మేం రాస్తే కదా మేం వస్తాం' అంటున్నారు. వాళ్ళన్నదీ బాగానే ఉంది పిన్నీ. చదివినవాడికల్లా మన అంటే తనే. విన్నవాడికల్లా మన అంటే పరాయివాడే."

"అయితే పాట పాడొద్దు. మాటల్లో సెప్పు. తూరుపు గాలైతే గెడ్డకి పొమ్మను. అంతే సెప్పు, నా తల్లివి కదూ."

గోరువంక తల దించుకుంది. "పాటలో ఉన్నది మాటల్లో చెబితే పాడినట్టా కాదా అని ప్లీడరుగారిని అడిగానమ్మా. ఆలోచించి చెబుతానన్నారు."

ప్రకటన పేరు మాత్రం అడవులు దాటింది. ఒక్క వాక్యంలో అంత చెప్పడం ఎవరివల్ల అవుతుంది? అవతలి కొండవారు కార్యదర్శికి సన్మానం ఏర్పాటు చేశారు. ఎండిన బోదగడ్డి మెత్తగా ఉంటుందని ఆ గడ్డి మధ్యే వేదిక కట్టారు. కొండముచ్చుకి మోదుగపూల దండ వేసి, టేకాకుల శాలువా కప్పారు. దున్న అధ్యక్షత వహించాడు. ముళ్ళపంది లేచి "'మన' అన్న మాటలోని లోతు" అనే విషయం మీద మాట్లాడుతున్నాడు.

మంచి ఎండ. తూరుపు గాలి వీస్తోంది.

ముళ్ళపంది ఇంకా లోతులోనే ఉండగా పొగ వచ్చింది.

అందరూ లేచారు. అందరూ అందరికేసీ చూశారు. గట్టుమీద ఎండుటేకు కొమ్మన గోరువంక కనపడింది. కొండముచ్చు దండ విదిలించుకుని చెట్టు కిందకి పరిగెత్తాడు.

"ఏయ్, నీకు పాట వచ్చు కదా! ఎటు పోవాలో పాడు!"

"వచ్చండి" అంది గోరువంక. "చెప్పి పాడాలి కదండి. చెబుతున్నానండి. పాడమంటారా?"

"పాడు!"

"ఒట్టి చేతులతో చెబుతున్నాను, ఏమీ అనుకోకండి."

"పాడవే!"

"ఇది గట్టుకి అవతల కదండి. ఇక్కడున్న వాళ్ళంతా మనవాళ్ళేనాండి? కాకపోతే నా తోక పోతుంది. మా నాన్నకి కూడా ఇలాగే..."

"ప్లీడరుగారూ!" అని కేకేశాడు కొండముచ్చు. "వీళ్ళు మనవాళ్ళో కాదో చెప్పండి, త్వరగా!"

ముళ్ళపంది పొగలోంచి అన్నాడు: "రెండు విధాలుగానూ వాదించవచ్చు."

పాపం, ఆయన తప్పేమీ లేదు. నిజంగానే రెండు విధాలుగానూ వాదించవచ్చు. నిప్పు ఒక్క విధంగానే వస్తోంది.

ఇవతల గులకరాళ్ళ మీద పైడమ్మకి పొగ కనపడింది. ఏ కొండమీదో చూసింది. గాలి ఎటో చూసింది. గుడ్లు వదిలేసి లేచింది. గెడ్డ దాటింది, గట్టు దాటింది, దారంతా గొంతు చీలిపోయేలా పాడుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరు మనవాళ్ళో చూడలేదు. *తూరుపు గాలా, గెడ్డకు పో! తూరుపు గాలా, గెడ్డకు పో!* ఆ క్షణాన కింద రేసుకుక్కలు పరిగెడుతున్నాయి. వాటికీ పాడింది.

కింద నేలమీద ఇంకో పాట వినిపిస్తోంది. లేత గొంతులు. *తూరుపు గాలా, బండకు పో.*

దున్న రెండు పాటలూ విన్నాడు. పైడమ్మ పాటకి "నిజమే" అన్నాడు. పిల్లల పాటకీ "నిజమే" అన్నాడు. మధ్యలో నిలబడిపోయాడు. తోక వెంట్రుకలు కమిలాక, పల్లం అటు ఉంది గనక గెడ్డ వైపు పరిగెత్తాడు. కొండముచ్చు పిల్లల పాట విని బండ వైపు గెంతాడు. చెట్టుమీంచి చెట్టుమీదికి దూకేవాడు గనక ప్రాణం దక్కించుకుని వెనక్కి వచ్చాడు. తోక మాత్రం అక్కడే వదిలేశాడు.

బంగారి తల్లి గొంతు గుర్తుపట్టింది. పక్కనున్న ఇద్దరు పిల్లల్నీ రెక్కల కింద తోసుకుంటూ గెడ్డలో దిగింది.

తక్కిన ఇద్దరూ కాస్త దూరంగా పురుగులు ఏరుకుంటున్నారు. ఆ ఇద్దరికీ పాట బాగా వచ్చు. నక్క మామ దగ్గర పీత ఇచ్చి నేర్చుకున్నారు. పొగ కనపడగానే మాటలు ఆపారు. పాటలో చెప్పినట్టే పరుగున పోయారు. పాడుకుంటూ బండ వైపు పోయారు.

మళ్ళీ రాలేదు.

నిప్పు చల్లారాక పైడమ్మ ఇవతలికి వచ్చి చూసుకుంటే గుడ్లు అలాగే ఉన్నాయి. పొగ కమ్ముకుని ఎండ తగల్లేదు, కాకులు ఎత్తుకుపోలేదు. అవి కూడా పారిపోయాయి కదా. ఆ గుడ్లమీద కూర్చుని, పోయిన పిల్లల్ని తలుచుకుని, తన పాట తలుచుకుని ఏడ్చింది. రెండు మాటలు. అటున్నది ఇటు, ఇటున్నది అటు. ఆ రోజు పలుగురాయి కింద పడకపోతే చాలు. ఎవడో స్థాయి అన్నాడని మురిసిపోయాను గదా అని తలని నేలకేసి కొట్టుకుంది.

సభ విచారణకి కూడింది. నల్లమద్ది చెట్టు చెక్కు చెదరలేదు. నిప్పు ఇవతలికి రాలేదు గనక ప్రకటన భద్రంగా ఉంది. దీన్నిబట్టే దాని బలం తెలుస్తోందని కొండముచ్చు అన్నాడు. కూర్చుంటే నొప్పి గనక నిలబడే అన్నాడు.

విచారణ సక్రమంగా జరిగింది. గోరువంక ప్రకటనని అక్షరాలా పాటించింది. మెచ్చుకున్నారు. నక్క మార్చాడు, నిజమే. మార్చకూడదని ఎక్కడా లేదు. వదిలేశారు. ప్లీడరు తనని అడిగిన ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చాడు. ఇంక మిగిలింది ఒక్కటే నేరం. చెప్పకుండా పాడటం. అదీ బహిరంగంగా, గెడ్డ నుంచి గట్టుదాకా, రేసుకుక్కలకి కూడా.

"పైడమ్మా, పాడావా?"

"పాడినాను. ఆ పాట కట్టింది నానే కదా బాబూ."

"పాట నువ్వే కట్టావు. కాదనడం లేదు. ప్రకటన మాది."

"అలగైతే నాను మీ మనోల్లో దాన్నో కాదో అదైనా సెప్పండి."

"అందుకే కదమ్మా శిక్ష" అన్నాడు ముళ్ళపంది, చాలా సౌమ్యంగా. "పరాయిదానివైతే వదిలేసేవాళ్ళం."

"నిజమే" అన్నాడు దున్న.

తోకలో ఈక పీకారు. పైడమ్మ ఆ మాత్రానికి అరవలేదు. పలుగురాయి ముక్కున కరచుకుని ఎగిరిపోయింది. బంగారి బండమీద కూర్చుని ఉంది, పిల్లలు పోయిన దగ్గర. తల్లి ఆమె పక్కన వాలింది. మసిబారిన ఆ రాతిమీద, రెండు కొండలకీ కనపడేలా, రెండు గీతలు గీశారు. తెల్లగా పడ్డాయి.

పొద్దున్నే గోరువంక ఎండుటేకు కొమ్మమీంచి గీతలు చూసింది. ఒకటి, రెండు అని చూసుకుంది. ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. "పైడమ్మ కట్టిన పాట" అని గొంతెత్తి చెప్పి, ఉన్నదున్నట్టు పాడింది. అవతలి కొండ అందుకుంది. మధ్యాహ్నానికి ఇంకా అవతలి కొండ అందుకుంది. పాడేవాళ్ళు మనవాళ్ళా అని ఎవరూ అడగలేదు.

సభ కూడా ఊరుకోలేదు. ప్రకటనలో లోపం ఉందని ఒప్పుకుని, నిపుణులతో చర్చించి ఒక మాట చేర్చింది. నల్లమద్ది చుట్టూ ఇప్పుడిలా ఉంది: *మనవాళ్ళెవరైనా తప్పనిసరిగా చెప్పి పాడుకోవచ్చు.* అక్షరాలు ముందుకంటే బావున్నాయి. దాని కింద కొండముచ్చు ఇంకా కూర్చోలేక నిలబడి, పళ్ళు తెచ్చేవాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు.

ఈ కథలో నీతి ఒకటి ఉంది. మనవాళ్ళెవరైనా చెప్పి వాడుకోవచ్చు.